గుంట గట్టు మీద కీబోర్డు ఫోన్: ఒక ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి అయ్యాక

మా బావమరిదికి ఇందుకూరుపేట మండలంలో, మైపాడు పోయే దారిలో రొయ్యల గుంటలున్నాయి. కొన్ని సొంతం, కొన్ని లీజు. ఏ పూట ఎంత మేత వేశారు, రొయ్యలు తిన్నాయో లేదో చూడ్డానికి గుంటలోకి దించే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, పీహెచ్ ఎంత, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఎంతసేపు తిరిగాయి, అన్నీ నోటు పుస్తకంలో రాస్తారు. పుస్తకం తడుస్తుంది, ఇంకు అలుక్కుపోతుంది. పట్టుబడి అయ్యాక, అంటే రొయ్యలన్నీ పట్టేశాక, మేత బిల్లూ పుస్తకం లెక్కా పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి కలవదు.

ఫోన్‌లో రాసుకోమంటే, గట్టు మీద ఉన్నంతసేపూ చేతులు తడిగానే ఉంటాయంటాడు. అదీ ఉప్పునీళ్ళ తడి. టచ్ స్క్రీన్ వేలి వల్ల వచ్చే విద్యుత్ మార్పును పసిగట్టి పనిచేస్తుంది. ఉప్పునీటి చుక్క కూడా దానికి వేలే. ఐదు నొక్కితే ఎనిమిది పడుతుంది. నోటితో చెప్పి టైప్ చేయిద్దామంటే ఏరేటర్ల మోత, పైన సముద్రపు గాలి.

నాకు నెల్లూరులో డీటీపీ షాపుంది. అను ఫాంట్ల కాలం నుంచి తెలుగు కీబోర్డులతోనే నా బతుకు. బటన్లున్న స్మార్ట్‌ఫోన్ ఒకటి తెచ్చి, గట్టు మీద తెలుగులో లెక్కలు రాయడానికి పనికొస్తుందో లేదో తేల్చాలని ఎప్పట్నుంచో ఉంది. మేనల్లుడు కావలిలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ప్రోగ్రాం రాసే పని వాడిది. తిట్లు తినడం నా పని.

ఏ ఫోన్

బటన్ల స్మార్ట్‌ఫోన్లు ఇప్పుడు అరుదు. బ్లాక్‌బెర్రీ 2016లోనే సొంతంగా ఫోన్లు తయారుచేయడం ఆపేసింది. ఆ పేరు మీద టీసీఎల్ కంపెనీ 2017లో కీవన్, 2018లో కీటూ తెచ్చింది. 2020 ఆగస్టుతో ఆ అమ్మకాలూ అయిపోయాయి. అంతకుముందు వచ్చిన క్యూ10, క్లాసిక్, పాస్‌పోర్ట్ చూడముచ్చటైనవే కానీ అవి కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి. 2022 జనవరి 4న ఆ సాఫ్ట్‌వేర్‌కి సర్వీసులు ఆపేశారు. మా పనికి ఆండ్రాయిడ్ ఉన్నదే కావాలి.

యూనిహెర్ట్జ్ అనే కంపెనీ ఇప్పటికీ ఈ తరహావి చేస్తోంది. వాళ్ళ టైటన్ పాకెట్ 2021లో వచ్చింది. 3.1 అంగుళాల చదరపు స్క్రీను, బరువు 216 గ్రాములు. పేరుకు తగ్గట్టు పొట్టిదే, మందం మాత్రం దాదాపు 17 మిల్లీమీటర్లు. చొక్కా జేబులో వేస్తే జేబు కిందకి లాగుతుంది. 2025లో వచ్చిన టైటన్ 2కి 4.5 అంగుళాల చదరపు స్క్రీను. ఉప్పునీళ్ళ దగ్గర ప్రయోగానికి అంత కొత్త ఫోన్ బలిపెట్టడానికి నాకు మనసొప్పలేదు.

చివరికి చెన్నై రిచీ స్ట్రీట్‌లో వాడిన కీటూ ఒకటి దొరికింది. 2018లో ఇది మన దేశంలో 42,990 రూపాయలకి వచ్చింది. నేను పెట్టింది అందులో చిన్న వంతే. బ్యాటరీ పాతదని అమ్మినతను ముందే చెప్పాడు.

చేతికొచ్చాక

ముందు కొలతలు. 4.5 అంగుళాల స్క్రీను, దాని కింద నాలుగు వరసల కీబోర్డు. పొడవు 151.4 మిల్లీమీటర్లు, మందం 8.5, బరువు 168 గ్రాములు. ఇది పొట్టి ఫోన్ కాదని చేతిలోకి తీసుకున్నప్పుడే అర్థమైపోయింది. వేళ్ళు కింది చివర ఉంటాయి, బరువంతా పైన ఉంటుంది. ఒంటి చేత్తో టైప్ చేస్తే ఫోన్ తల ముందుకి వాలుతుంది. పడుకుని వాడితే ముక్కు మీద పడటం ఖాయం.

బటన్లు మాత్రం బాగున్నాయి. ప్రతి బటనూ ఒక పక్కకి కాస్త వాలుగా చెక్కినట్టుంటుంది, వరసకీ వరసకీ మధ్య సన్నటి లోహపు గీత. చూడకుండానే వేలు ఎక్కడుందో తెలుస్తుంది. కీవన్‌లో బటన్లు మెరుస్తూ జారేవి. ఇందులో గరుకు పూత వేసి, ఎత్తు కూడా 20 శాతం పెంచారు. నొక్కితే సన్నగా టిక్కుమంటుంది, వేలికి తిరుగు దెబ్బ తెలుస్తుంది.

స్పేస్ బార్‌లోనే వేలిముద్ర సెన్సార్ పెట్టారు. ఆఫీసులో కూర్చునేవాళ్ళకి మంచి ఆలోచనే, తడి వేలికి మాత్రం తలుపు తియ్యదు. పిన్ పెట్టుకున్నాం. పిన్ అంకెలు బటన్లతోనే కొట్టొచ్చు కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు.

కుడివైపు కింద మూలలో స్పీడ్ కీ అని ఒకటుంది. దాన్ని పట్టుకుని ఏదైనా అక్షరం నొక్కితే, మనం ఏ యాప్‌లో ఉన్నా సరే, ముందే పెట్టుకున్న పని జరుగుతుంది. 26 అక్షరాలు, మామూలు నొక్కుడుకి ఒకటి, నొక్కిపట్టుకుంటే ఇంకోటి, మొత్తం 52. నోట్సుకి ఎన్, కెమెరాకి సి, జనరేటర్ మెకానిక్‌కి ఫోన్ కలపడానికి జి పెట్టాం. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి కరెంటు కూడా పోతే ఆ జి విలువేంటో రొయ్యలు పెంచేవాడికి తెలుస్తుంది. ఈ ఫోన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కాకపోతే స్పీడ్ కీ పెట్టడం కోసం కుడివైపు షిఫ్ట్ తీసేశారు. ఆ సంగతి తర్వాత మా మెడకే చుట్టుకుంది.

సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ 8.1 దగ్గరే ఆగిపోయింది. ఇందులో యూపీఐ, బ్యాంకు యాప్‌లు వెయ్యొద్దని బావమరిదికి గట్టిగా చెప్పాను.

"ఏంది బావా, ఇంత చిన్న స్క్రీనా? కళ్ళజోడు కూడా దీంతోనే ఇస్తారా?" అన్నాడు. నిజం చెప్పాలంటే టైప్ చేసేటప్పుడు తేడా పెద్దగా లేదు. మామూలు పొడుగు ఫోన్‌లో తెర మీద కీబోర్డు లేస్తే కింద మూడో వంతుకు పైగా అదే తినేస్తుంది. ఇక్కడ స్క్రీనంతా రాతకే మిగులుతుంది. కానీ చదివేటప్పుడు పొడుగు ఫోన్‌దే పైచెయ్యి. మన అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లీషు కంటే వరసల మధ్య జాగా ఎక్కువ కావాలి. పొట్టి స్క్రీనులో ఆ నష్టం వెంటనే కనబడుతుంది.

తెలుగు దగ్గర చిక్కు

ఈ ఫోన్ మీద ఎవరు రాసిన రివ్యూ చూసినా బటన్ల సుఖం గురించి పేజీలకి పేజీలుంటుంది. ఆ సుఖమంతా ఇంగ్లీషుకే. తెలుగు కావాలంటే తెర మీద కీబోర్డు తెరుచుకో అంటే, బటన్ల ఫోన్ కొన్నదెందుకు?

మొదట ఇన్‌స్క్రిప్ట్ చూశాం. కంప్యూటర్లో మన లిపుల కోసం పెట్టిన 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో భాగమైన కీబోర్డు అమరిక అది. మన దేశ భాషల్లో చాలావాటికి ఒకటే పద్ధతి, ఎడమ చేతికి అచ్చులు, కుడి చేతికి హల్లులు. కంప్యూటర్ మీద చక్కగా ఉంటుంది. కానీ అందులో చ ఉండేది సెమికోలన్ మీద, ట కోట్ మీద, డ బ్రాకెట్ మీద, య స్లాష్ మీద. ఫోన్‌లో ఆ బటన్లే లేవు. చెక్ ట్రేకి చ లేదు, ట లేదు. రొయ్యకి య లేదు. మైపాడుకి డ లేదు. డీటీపీలో నేను చిన్నప్పట్నుంచి కొడుతున్న, యాపిల్ అని పిలిచే తెలుగు అమరిక కూడా పెద్ద కీబోర్డుని నమ్ముకున్నదే.

ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు చేసిపెట్టే పద్ధతి రెండోది. చాలామందికి అలవాటైంది అదే. అందులో రెండు రకాలున్నాయి. నిఘంటువు చూసి ఊహించేది ఒకటి, మామూలు మాటలకి బాగుంటుంది కానీ మందుల పేర్లు, గుంటల పేర్లు వచ్చేసరికి దాని ఊహ ఎటో పోతుంది. నియమం ప్రకారం మార్చేది ఇంకోటి, అందులో చిన్న టీకి త, పెద్ద టీకి ట. మా బావమరిది వాట్సాప్‌లో తకి ఒకసారి టీ, ఒకసారి టీ హెచ్ కొడతాడు. అతనొక్కడేం ఖర్మ, ఊరంతా అంతే.

అందుకని మేమే ఒక అమరిక చేసుకుందామని కూర్చున్నాం. లెక్క ఇలా ఉంది. ఫోన్‌లో 26 అక్షరాల బటన్లు, షిఫ్ట్‌తో కలిపి 52 చోట్లు. ఆల్ట్ మీద అంకెలూ గుర్తులూ ఉన్నాయి, అటు వెళ్ళొద్దు. తెలుగుకి కావలసినవి: హల్లులు ఱతో కలిపి 35, అచ్చులు 13, వాటి గుణింతపు గుర్తులు 12, ఇంకా సున్న, విసర్గ, పొల్లు. మొత్తం 63. పట్టదు.

దీనికి మేనల్లుడు ఒక దారి చూపించాడు. "మామా, అచ్చుకీ గుర్తుకీ వేరే బటన్లెందుకు? ముందు హల్లుంటే గుర్తు, లేకపోతే అచ్చు." ఆండ్రాయిడ్‌లో కీబోర్డు యాప్‌కి ఆ వీలుంది. బటన్ నొక్కుడుని అది ముందే అందుకోగలదు, కర్సర్‌కి ముందు ఏ అక్షరముందో అడిగి చూసుకోగలదు. మాట మొదట్లో ఐ నొక్కితే ఇ, క తర్వాత నొక్కితే కి. పొల్లు తర్వాత, సున్న తర్వాత మళ్ళీ పూర్తి అచ్చు. ఎమ్మెల్యేని ఎంఎల్ఏ అని రాయాలన్నా కుదురుతుంది.

ఆ 12 గుర్తులూ ఎగిరిపోతే మిగిలింది 51. ఖాళీగా ఉన్న ఆ ఒక్క చోటులో, పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారకుండా ఆపే కనబడని గుర్తు పెట్టాం. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ అనే మాటలో ట్ కింద వ ఒత్తై కూర్చుంటుంది. 52కి 52 నిండాయి. అరసున్నకి చోటు లేదు, రొయ్యల లెక్కలో అరసున్న ఎవరూ వాడరు.

అమరికలో చాలా భాగం శబ్దాన్ని బట్టే: కేకి క, షిఫ్ట్‌తో ఖ. టీకి త, థ. డీకి ద, ధ. ఎన్‌కి న, ణ. ట ఠలు క్యూ మీద, డ ఢలు ఎక్స్ మీద పెట్టాం, తెలుగులో ఆ ఇంగ్లీషు అక్షరాలకి వేరే పని లేదు కనుక. జెడ్ సున్న, ఎఫ్ పొల్లు, డబ్ల్యూ ఐ ఔలు. పొల్లుకి ఎఫ్ ఇవ్వడం నా పట్టు. చిన్న, అమ్మ, నెల్లూరు, రొయ్య, ఇలా జంట అక్షరాలు మన భాషలో అడుగడుగునా వస్తాయి. ఎఫ్ ఎడమ బొటనవేలికి, న మ ల య అన్నీ కుడి బొటనవేలికి. కుడి, ఎడమ, కుడి అని వేళ్ళు వాటంతటవే నడుస్తాయి.

గట్టు మీద

పాలిథిన్ జిప్ కవర్లో ఫోన్ పెట్టి, తాడు కట్టి మెడలో వేసుకున్నాం. కీటూకి నీటి నుంచి రక్షణ అని కంపెనీ ఏ రేటింగూ ఇవ్వలేదు. బటన్ల సందుల్లోకి ఉప్పునీళ్ళు దిగితే లోపల తుప్పే.

కవర్ పైనుంచి కూడా బటన్లు హాయిగా పడుతున్నాయి. తడి చేత్తో గుంట నంబరు, మేత, ఆక్సిజన్ గబగబా కొట్టేశాడు, ఒక్క అంకె తప్పు పడలేదు. ఈ ఫోన్‌కి పెట్టిన డబ్బు ఇక్కడ గిట్టింది.

అంతలోనే స్క్రీను దానంతటదే పైకీ కిందకీ జారడం మొదలెట్టింది. దయ్యం పట్టిందా అనుకున్నాడు బావమరిది. కీటూ కీబోర్డు ఉపరితలం కూడా టచ్‌దే. బటన్ల మీద వేలు మెల్లగా రాస్తే పేజీ జరుగుతుంది. డిజైన్ చేసినవాళ్ళు గొప్పగా చెప్పుకున్న ఈ సదుపాయం కవర్ మీద నీళ్ళు కారితే రివర్స్ అవుతుంది. సెట్టింగ్స్‌లో ఆపేశాం. స్క్రీను కింద ఉండే బ్యాక్, హోమ్, రీసెంట్ గుర్తులు కూడా టచ్‌వే, వాటిని ఆపే దారి లేదు. రాస్తూ ఉండగా చుక్క పడి హోమ్‌కి వెళ్ళిపోతోంది. స్పీడ్ కీతో ఎన్ కొడితే మళ్ళీ నోట్సుకి వస్తుంది కాబట్టి సర్దుకుంటున్నాం. అసలైన బటన్ల కోసం కొన్న ఫోన్‌లో అతి ముఖ్యమైన మూడు బటన్లూ టచ్ చేయడం ఏం తెలివో!

అంకెల విషయంలో మాకు అదృష్టం కలిసొచ్చింది. 1, 2, 3 డబ్ల్యూ ఈ ఆర్ మీద, 4, 5, 6 ఎస్ డీ ఎఫ్ మీద, 7, 8, 9 జెడ్ ఎక్స్ సీ మీద, సున్న కింది వరసలో. అంటే అంకెలన్నీ ఎడమవైపే. ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని అదే బొటనవేలితో అంకెలు కొడుతుంటే కుడి చెయ్యి చెక్ ట్రే తాడు పట్టుకోవచ్చు. ఆల్ట్ పట్టుకునే పని లేకుండా బటన్ కాస్త ఎక్కువసేపు నొక్కితే అంకె పడేలా మేనల్లుడు మార్చాడు. కానీ చుక్క ఎమ్ మీద ఉంది, అంటే కుడివైపు. ఆక్సిజన్ 4.2 అని రాయాలంటే చుక్క కోసం కుడి చెయ్యి రావాలి. జీని నొక్కిపట్టుకుంటే చుక్క పడేట్టు పెట్టించాను.

దీర్ఘాల తలనొప్పి

మొదట దీర్ఘాలని షిఫ్ట్‌తో పెట్టాం, ఆ షిఫ్ట్ ఇప్పుడు ఎడమవైపు ఒక్కటే. మన భాషలో ఆకారం లేకుండా నాలుగు మాటలు రాయలేం. ఏ కూడా ఎడమవైపే. షిఫ్టూ ఏ రెండూ ఒకే బొటనవేలి పని కావడంతో కాలవ, చాప, నాటు అన్నిచోట్లా చెయ్యి ఆగిపోతోంది. ఒకటికి రెండుసార్లు నొక్కితే దీర్ఘం అని మార్చాం. ఒకసారి ఐ కొడితే కి, రెండోసారి కొడితే కీ. తెలుగులో ఇకారం పక్కన ఇకారం రాదు కాబట్టి గొడవ లేదు. ఇలా నెల్లూరు అని రాయడానికి మొత్తం తొమ్మిది నొక్కులు, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఏడు. రెండు నొక్కులు ఎక్కువైనా షిఫ్ట్ అవసరం లేదు, ఊహించే యంత్రంతో పోట్లాట లేదు.

ఇంకో సవరణ బావమరిది అలవాటు చూసి చేసింది. వాట్సాప్ అలవాటుకొద్దీ అతను ప్రతి హల్లు తర్వాతా ఏ కొడతాడు. కకి కే, ఏ. అందుకని హల్లు తర్వాత ఒక్క ఏ పడితే ఏమీ జరగదు, రెండో ఏ పడితేనే దీర్ఘం. అతనికి తెలియకుండానే అలవాటు నిలబడింది. మేనల్లుడు దీన్ని బగ్ అన్నాడు, నేను మర్యాద అన్నాను.

బ్యాక్‌స్పేస్ మీద ఇంట్లో ఓటింగే జరిగింది. ఒక్క నొక్కుకి మొత్తం అక్షరం పోవాలా, చివరి గుర్తు మాత్రమే పోవాలా? లక్ష్మిలో క్ష్మి కొట్టేటప్పుడు చివరి గుడి తప్పు పడితే మళ్ళీ మొత్తం కొట్టాలంటే విసుగు. చివరి గుర్తు మాత్రమే పోయేలా ఉంచాం.

ఎండలు ముదిరాక

పగలు పన్నెండుకి గట్టు మీద స్క్రీను చదవడం కష్టం. వెలుగు పూర్తిగా పెంచి, ఫోన్‌ని నీడకి తిప్పుకోవాలి. రాయడానికి మాత్రం స్క్రీను చూడక్కర్లేదు, వేళ్ళకి దారి తెలుసు. రాసి తర్వాత షెడ్డులో చూసుకుంటున్నాడు. రాత్రి బటన్ల కింద లైటు వెలుగుతుంది, తెల్లవారుజాము రీడింగులకి టార్చి తీయక్కర్లేదు.

బ్యాటరీ 3,500 ఎంఏహెచ్ అని పేరు. పాతది కాబట్టి సాయంత్రానికే ఎర్రబడుతోంది. షెడ్డులో చార్జర్ ఉంది కనక నడుస్తోంది. మార్పించాలంటే వెనక పలక ఊడదీయాలి. నెల్లూరులో అడిగిన చోటల్లా ఈ మోడల్‌కి బ్యాటరీ తెప్పించాలి అంటున్నారు. తెప్పిస్తే అది ఒరిజినల్ అవుతుందో లేదో వాళ్ళూ చెప్పలేరు.

బటన్ల మీద తెలుగు

బావమరిదికి సరిపోయింది. గుంటల దగ్గర ఉండే మనిషికి మాత్రం తెలుగు చదవడం రాయడం బాగా వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు అంతంతమాత్రం. కేకి క అని శబ్దం పోల్చి పెట్టిన అమరిక అతనికి అర్థం లేనిది. రేడియం స్టిక్కర్ షాపులో 26 ముక్కలు కోయించాను. బటన్ వాలుగా ఉండటంతో అంచులు లేచిపోయాయి, పైగా కింది లైటుకి అడ్డం. పారదర్శకమైన షీటు మీద తెల్ల అక్షరాలు ప్రింటు తీసి చూశాం. లైటు వస్తోంది కానీ చెమటకి గమ్ము ఊడిపోతోంది. చివరికి కవర్ వెనక అమరిక బొమ్మ ప్రింటు తీసి అతికించాం. అతను దాన్ని చూసుకుని నిదానంగా కొడతాడు. మొన్న చెక్ ట్రేలో మేత మిగిలిందని, నీళ్ళ రంగు మారిందని నాలుగు వరసలు తెలుగులో పంపాడు. అక్షరదోషం ఒక్కటి కూడా లేదు. బావమరిది వాట్సాప్‌లో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు

రెండో ఫోన్ కావాలంటున్నాడు బావమరిది, లీజు గుంటల కోసం. కీటూ ఇక తయారు కాదు, పాతవి దొరికినా వాటి బ్యాటరీలు ఎలా ఉంటాయో చెప్పలేం. మేం రాసుకున్నది యాప్ కాబట్టి ఏ ఆండ్రాయిడ్‌లోనైనా నడుస్తుంది. అరచేతిలో పట్టే బ్లూటూత్ కీబోర్డు ఒకటి తెప్పించి, షాపులో పడున్న పాత ఫోన్‌కి కలిపాం. అక్షరాలు సరిగానే పడుతున్నాయి. అంకెలు ఎడమవైపు కాకుండా పై వరసలో ఉన్నాయి, ఒంటి చేత్తో కుదరదు. పైగా ఫోన్ ఒక చోట, కీబోర్డు ఒక చోట, పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి. ఫోన్‌ని చొక్కా జేబులో వేసి, కీబోర్డు మాత్రం కవర్లో మెడకి వేలాడదీసి, ఎంటర్ కొట్టగానే పడిన వరసని ఫోన్ పైకి చదివి వినిపించేలా చేద్దామంటున్నాడు మేనల్లుడు. ఏరేటర్ మోతలో అది వినబడుతుందా అని నా అనుమానం. ఇయర్‌ఫోన్ పెడితే వినబడుతుందంటాడు. వచ్చే ఆదివారం వాడు కావలి నుంచి వస్తే గట్టు మీదే తేల్చుకుంటాం.